వెంట్రుకవాసి ఎడమకి

వెర్లిన్ పోయిన ఏడు, ఆకులు ఎర్రబడే వేళకి ఆ ఇంట్లో ఇద్దరమే మిగిలాం, నేనూ మా మామయ్యా.

మార్చిలో వాగు పొంగినప్పుడు కొండమీది దుంగల్ని నీళ్ళలోకి దించుతూ నా మొగుడు వెర్లిన్ వాటి మధ్యకి జారిపోయాడు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. పిల్లల్లేరు. అత్తగారు నేను కాపరానికి రాకముందే పోయింది. మా మామయ్య, వెర్లిన్ తండ్రి ఆన్సెల్ స్టిడమ్, లారెల్ వాగు పొడుగునా అందరికీ తెలిసిన మనిషి. మూతిలోంచి మందు పోసి, గుండు పెట్టి, కర్రతో దట్టించి కాల్చే పొడుగు తుపాకులు చేసేవాడు. పెట్టెల్లో తూటాలొచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది. అయినా మా కెంటకీ కొండల్లో తుపాకీ అంటే అదే. ఉడతని కొట్టాలన్నా, నవంబరులో గురికొట్టినవాళ్ళకి మాంసం వాటాలు పంచే పందెంలో దిగాలన్నా గోడమీంచి తాతలనాటి తుపాకీ దించాల్సిందే. దాని గురి చెడినా, కర్ర విరిగినా మా గుమ్మం ఎక్కాల్సిందే.

ఆ దట్టించే కర్రలు చీల్చే పని అంతకుముందు వెర్లిన్ చేసేవాడు. అతను పోయిన మూడు వారాలకి ఓ పొద్దున మామయ్య చీలుడు కత్తీ, కొయ్య సమ్మెటా తెచ్చి నా ముందు పెట్టాడు.

"నేను పట్టుకుంటా. నువ్వు కొట్టు" అన్నాడు.

అంతే. అలా నేను ఆ పనిలోకి దిగాను. ఓదార్పు మాట ఒక్కటి ఆయన నోట రాలేదు. ఆయన ఓదార్చే తీరే అదని చాలా రోజులకి గాని నాకు తెలియలేదు.

గుండు దట్టించే కర్ర రంపంతో కోసింది పనికిరాదు. హికరీ అనే గట్టి చెట్టు దుంగని చీల్చాలి. చీలిస్తే కర్ర తన నార వెంట తానే విడిపోతుంది. ఆ నార ఈ కొసనుంచి ఆ కొసదాకా ఎక్కడా పక్కకి జారకుండా పోవాలి. మామయ్య కళ్ళు మూసుకుని బొటనవేలు కర్ర పొడుగునా నడిపించేవాడు. వేలు ఎక్కడైనా ఆగితే ఆ కర్ర పొయ్యిలోకి వెళ్ళేది. పదింట్లో రెండు మిగిలితే గొప్ప. మిగిలినవాటిని చిల్లుల ఇనపపలకలోంచి లాగి సన్నం చేసి, కిరసనాయిలు తొట్లో నెలల తరబడి నానబెట్టేవాళ్ళం. బయటికి తీసేసరికి అవి విల్లులా వంగేవి, విరిగేవి కావు. ఆ వేసవంతా నా జుట్టునిండా కిరసనాయిలు వాసనే. ఇప్పటికీ లాంతర్లో నూనె పోస్తుంటే మేం పని చేసుకున్న ఆ తుపాకుల కొట్టం కళ్ళముందుకి వస్తుంది.

సెప్టెంబరులో తీపిజొన్న దంట్ల రసం కాచి పాకం తీస్తున్న రోజున మా అన్నయ్య టాల్మడ్జ్ బండి కట్టుకుని వచ్చాడు. మా పుట్టింటివాళ్ళది కొండ అవతలి లోయ, ఒక పూట ప్రయాణం. పొయ్యిదగ్గర కూచుని, పాకం మీద తేలిన నురగని గరిటెతో తీసి నాకుతూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పాడు. ఆఖర్న అసలు సంగతి ఎత్తాడు.

"మన ఊరి పిండిమిల్లాయన నిన్ను అడుగుతున్నాడమ్మాయ్. పెళ్ళాం పోయి రెండేళ్ళయింది. మనిషి నెమ్మదస్తుడు. సొంత మిల్లు. చిన్నప్పట్నించీ నీకు ఆ పిండి వాసన అలవాటేగా."

"ఇప్పుడే ఏమిటన్నయ్యా?"

"ఇప్పుడు కాదులే. నవంబరులో పందేనికి ఎలాగూ వస్తా. అటునుంచి అటే నిన్ను తీసుకుపోతా. ఎంతకాలం ఉంటావిక్కడ? మొగుడు లేని ఇంట్లో నువ్వేమవుతావు? పనిమనిషివా, చుట్టానివా?"

నేను మామయ్య వైపు చూశాను. ఆయన బల్లదగ్గర కూచుని ఆకురాయితో ఏదో రుద్దుకుంటున్నాడు. అన్నయ్య కూడా అటే చూశాడు.

"ఏమంటావు ఆన్సెల్ బాబాయ్?"

"నేనేమంటాను? దాని అన్నవి నువ్వు. దాని ఇష్టం, నీ ఇష్టం" అన్నాడు తలెత్తకుండానే.

ఆ మాట నాకు చురుక్కున తగిలింది. ఆరునెలలుగా పక్కపక్కన పని చేశాం. ఒక్కసారి 'ఉండు' అంటే ఆయన సొమ్మేం పోతుంది? ఆ కోపంలోనే అన్నయ్యతో "సరే, నవంబరుకి సిద్ధంగా ఉంటా" అనేశాను. అన్నయ్య సంబరంగా ఓ జాడీ పాకం పట్టుకుని వెళ్ళాడు.  

అక్టోబరు రాగానే పందెపు గిరాకీ మొదలైంది. అందరికన్నా ముందు లియాండర్ సైజ్‌మోర్ వచ్చాడు. మామయ్యా అతనూ చిన్నప్పట్నించీ పోటీదార్లు. ఒకే పిల్ల వెనక తిరిగారనీ, ఆ పిల్లే మా అత్తగారనీ అంటారు. ఇద్దరికీ డెబ్బై దగ్గరపడ్డా ఎదురుపడితే కొట్లాట తప్పదు. ఆ రోజు లియాండర్ కుడి అరచేతికి ఇంతలావు గుడ్డ చుట్టుకుని వచ్చాడు.

"ఏమైందోయ్? మీ ఆవిడ కొరికిందా?" అన్నాడు మామయ్య.

"నోర్ముయ్. కొట్లో కొన్న కర్ర. దట్టిస్తుంటే ఫెళ్ళున విరిగి చేతిలోకి దిగింది."

విరిగిన ముక్క తీసి బల్లమీద పడేశాడు. మామయ్య దాన్ని తాకి నవ్వాడు. "గుండ్రంగా నున్నగా ఉంది, పళ్ళెంలో పెట్టి తినొచ్చు. నార చూడు, ఏటవాలుగా పోయింది. ఇది కర్ర కాదు, బల్లెం. ఒక కొస నీ చేతిలో, రెండో కొస తుపాకీలో."

"అందుకే ఈసారి ఇనప కడ్డీ వేయించుకుందామని. విరగదు కదా."

"విరగదు. రెండేళ్ళలో మూతిదగ్గర గొట్టం లోపలి మెలికల గాడుల్ని అరగదీసి చక్కా పోతుంది. తర్వాత నువ్వు కొట్టే గుండు నీ ఇష్టప్రకారం పోదు, దాని ఇష్టప్రకారం పోతుంది. అమ్మాయ్, తొట్లోంచి ఓ కర్ర తియ్యి. నువ్వే ఎంచు."

నేను నాలుగు తీసి, వంచి చూసి, ఒకటి లియాండర్‌కి ఇచ్చాను. అతను దాన్ని వంచాడు, ఇంకా వంచాడు. కర్ర చప్పుడు లేకుండా తిరిగి నిటారైంది. "దీని దుంపతెగ" అన్నాడు మురిసిపోతూ.

తర్వాత గురుల సంగతి, అంటే గొట్టం మీద ముందొకటీ వెనకొకటీ ఉండి కన్ను సరిచూసుకునే లోహపు ముక్కలు. లియాండర్‌కి ముందు గురి ఎత్తుగా, తళతళ మెరిసే ఇత్తడిది కావాలి. మామయ్య ఒప్పుకోలేదు.

"మెరిస్తే అందంగా ఉంటుంది, అంతే. ఎండ ఎడమనించి పడితే నీ కన్ను ఆ మెరిసే పక్కనే గురి అనుకుంటుంది. గుండు కుడికి పోతుంది. పొట్టిగా, పల్చగా, వెండిది పెట్టించుకో. చీకటి అడవిలోనూ కనిపిస్తుంది, ఎండలోనూ అబద్ధమాడదు."

"వెండి ఎక్కణ్ణించి తేను?"

"మీ ఆవిడ పెళ్ళినాటి చెంచా విరిగిందన్నావుగా."

"ఆవిడ నన్ను విరుస్తుంది" అన్నాడు లియాండర్. కాని మర్నాడే ఆ చెంచా తెచ్చాడు. వెళ్ళేముందు గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు. "వెనక గురి ఓ నాలుగు వేళ్ళు ముందుకి జరుపు ఆన్సెల్. కంటికి దగ్గరగా ఉంటే మసగ్గా అలుక్కుపోతోంది. ముసలికళ్ళు, ఏం చేస్తాం. నీవెలా ఉన్నాయి?"

"నావి బాగానే ఉన్నాయి" అన్నాడు మామయ్య.

ఆ మధ్యాహ్నం ఆయన ఆవుని తోలుకురావడానికి వెళ్ళినప్పుడు గోడమీద ఆయన సొంత తుపాకీని తుడుద్దామని దించాను. వెనక గురి కుదిర్చే గాడి గొట్టం మీద అడ్డంగా కోసి ఉంటుంది. దాన్ని జరిపితే పాత గాడిని ఇత్తడి ముక్కతో నింపి, తెలియకుండా నున్నగా చేస్తారు. నా గుడ్డకింద ఒక ఇత్తడి గీత కనిపించింది. దానికి నాలుగు వేళ్ళ ముందు ఇంకొకటి. దానికి ముందు మూడోది, ఇంకా రంగు మారలేదు. గురి ఇప్పుడు గొట్టంలో సగందాకా వెళ్ళిపోయింది. ఇక ముందుకి జరపడానికి అర్థం లేదు.

తుపాకీ యథాస్థానంలో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను.  ఆయన కళ్ళు మూసుకుని కర్రలు ఎంచడం చూసి నేను నేర్పరితనం అనుకున్నాను.

మూడు రోజుల తర్వాత లియాండర్ తుపాకీ తయారైంది. మామయ్య బయటికి వెళ్ళగానే దాన్ని బల్లమీద ఆనించి వెనకనించి చూశాను. చెంచాలోంచి చెక్కిన ఆ వెండి గురి ముచ్చటగా ఉంది. కాని ఎడమకి ఒరిగింది. కొత్తవాడికి తెలియదు. అరవై గజాల దూరంలో మాత్రం గుండు రెండు వేళ్ళు పక్కకి పోతుంది. నేను చిన్న సుత్తీ, గురిమీద గీత పడకుండా అడ్డుపెట్టే కొమ్ము ముక్కా తీసుకుని, ఊపిరి బిగబట్టి రెండు దెబ్బలు కొట్టాను.  ఆ బల్లమీద మగవాళ్ళు పెట్టిన గురిని ఇంకొకళ్ళు ముట్టుకోవడం అప్పటిదాకా లేదు.

రాత్రి భోజనానికి బీన్సూ, మొక్కజొన్న రొట్టే, మజ్జిగా పెట్టాను. మామయ్య రొట్టె తుంచుకుని నములుతూ అన్నాడు:

"సైజ్‌మోర్ గురి ఎవరో ముట్టుకున్నారు."

"నేనే మామయ్యా."

"ఎంత?"

"వెంట్రుకవాసి."

"ఎటు ఒరిగింది?"

"ఎడమకి."

ఆయన ఇంకో ముక్క తుంచాడు. మజ్జిగ తాగాడు. గ్లాసు కింద పెట్టడానికి చోటు వెతుక్కున్నట్టు బల్లమీద వేళ్ళతో తడిమాడు.

"బీన్సులో ఉప్పు తగ్గింది" అన్నాడు.

మర్నాటినించి ఆయన వేళ్ళు రోజూ ఏదో ఒక వంకతో మొరాయించేవి. "ఇవాళ చెయ్యి పట్టేసింది, ఆ గాడి నువ్వు తియ్యి." "చలికి వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఆ గురి పలక నువ్వు రుద్దు." తను పక్కన కూచుని చెప్పేవాడు. ముందు గురిని ఒక్కసారి రుద్దితే గుండు పైకి పోతుంది, రుద్దిన వెండి తిరిగి రాదు, కాబట్టి ఆకురాయి పట్టేముందు మూడుసార్లు కాల్చి చూడు. వెనక గాడి లోతు చేస్తే గుండు కిందికి దిగుతుంది. గుండు ఎటు జరగాలో వెనక గురిని అటే తట్టు, ముందు గురినయితే దానికి ఎదురు తట్టు. గురి పెట్టాక కాల్చి చూడాలి కదా, అందుకని కాల్చడం కూడా నేర్పాడు. కొట్టం వెనక దుంగమీద తుపాకీ ఆనించి, నేలమీద బోర్లా పడుకునేదాన్ని. ఆయన నా తలదగ్గర గొంతుకూచునేవాడు.

"ఊపిరి సగం వదిలి ఆపు. మీటని గుంజకు, నెమ్మదిగా నొక్కు. ఎప్పుడు పేలిందో నీకే తెలియకూడదు. ఆఁ... ఎక్కడ తగిలింది?"

"గీతకి రెండు వేళ్ళు పైన."

"అయితే మందు ఎక్కువైంది. వెర్లిన్‌కీ ఇదే జబ్బు, అన్నీ ఎక్కువ పోసేవాడు."

వెర్లిన్ పేరు ఆయన నోట వినడం మార్చి తర్వాత అదే మొదలు. ఇద్దరం నవ్వాం. నవ్వి, ఆ తర్వాత కాసేపు అటు కొండవైపు చూస్తూ ఉండిపోయాం. ఎర్రాకులు ఒక్కొక్కటే రాలి తుపాకీ మీద పడుతున్నాయి. నా జీవితంలో మళ్ళీ అలాంటి అక్టోబరు రాలేదు. వచ్చినా నేను గుర్తుపట్టలేదేమో.

ఆయన కళ్ళ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నవంబరు సంగతీ ఎత్తలేదు. నా బట్టలపెట్టె మాత్రం సర్దాను.

పందెం రోజున తెల్లగా మంచు పట్టింది. పొలంలో కోడెని అప్పటికే కోసి, వాటాలు చేసి చెట్టుకి వేలాడదీశారు. వెనక తొడలు రెండు, ముందు తొడలు రెండు, అయిదో వాటా తోలూ కొవ్వూ. అరవై గజాల అవతల మసిపూసిన పలక, దానిమీద తెల్లకాగితం, కాగితం మధ్య కత్తితో గీసిన అడ్డగీతలు. ఆ గీతలు కలిసేచోటికి ఎవరి గుండు దగ్గరైతే వాళ్ళకి మొదటి వాటా. ముప్ఫైమంది మగవాళ్ళు, వాళ్ళ కుక్కలు, నిప్పుచుట్టూ పొగ. ఆడవాళ్ళం బండ్ల దగ్గర కాఫీ కాస్తున్నాం. అన్నయ్య వచ్చి నా పెట్టె తన బండిలోకి ఎక్కించేశాడు.

లియాండర్ మొదట్లోనే కొట్టాడు. గుండు గీతలు కలిసేచోటికి వేలెడు దూరంలో దిగింది. "మా ఆవిడ చెంచా!" అని కేక వేశాడు. అందరూ ఘొల్లుమన్నారు.

మామయ్య వంతు వచ్చింది. ఒక్కొక్కరికి రెండు గుండ్లు. ఆయన నడిచివెళ్ళి దుంగ వెనక పడుకున్నాడు. మొదటి గుండు పేలింది. పలక కదల్లేదు. కాగితం కాదు, పలకే తప్పిపోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది నాకు. ఆన్సెల్ స్టిడమ్ పలక తప్పడం ఆ వాగు ఎరగదు.

ఆయన లేచి మళ్ళీ మందు పోశాడు, గుండు దట్టించాడు. ఆ పనిలో చేతులు ఎక్కడా తడబడలేదు. మళ్ళీ పడుకున్నాడు. చెంప కొయ్యకి ఆనించి అలాగే ఉండిపోయాడు. నిప్పు చిటపటలు వినిపిస్తున్నాయి. ఎంతసేపో.

తర్వాత తుపాకీ దుంగమీదే వదిలేసి, మెల్లిగా లేచి, మోకాళ్ళకంటిన మంచు దులుపుకున్నాడు. బండ్లవైపు తిరిగాడు. నేను ఎక్కడున్నానో ఆయనకి కనబడదు. గాల్లోకి పిలిచాడు.

"ఓర్లీనా! ఇలా రామ్మా. నాకు కనిపించడం లేదు. నువ్వు కొట్టు."

కాఫీగిన్నె దించి వెళ్ళాను. నడుస్తుంటే నా గౌను అంచు మంచుగడ్డిమీద రాసుకునే చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. తీర్పరిగా ఉన్న ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "ఆడమనిషి కొట్టడం ఎప్పుడూ లేదే" అన్నాడు. వెనకనించి ఇంకెవరో "కుదరదు" అన్నారు.

లియాండర్ ముందుకొచ్చాడు. "ఎందుకు కుదరదు? నా తుపాకీకి ఇంత తిన్నటి గురి ఎవరు పెట్టారనుకున్నారు? ఆన్సెల్‌గాడా? యాభైఏళ్ళుగా వాడి గురులు చూస్తున్నా. ఎప్పుడూ ఇంత తిన్నగా పెట్టలేదు వాడు."

"నీ మొహం" అన్నాడు మామయ్య.

"నీ మొహమే. కొట్టమ్మా నువ్వు."

నవ్వులు లేచాయి. తీర్పరి చెయ్యి ఊపాడు. నేను పడుకున్నాను. కొయ్య ఆయన చెంప వేడితో ఇంకా వెచ్చగా ఉంది. ఆయన వచ్చి నా తలదగ్గర, కొట్టం వెనక కూచున్నట్టే, గొంతుకూచున్నాడు.  ఊపిరి సగం వదిలి ఆపాను. ఎప్పుడు పేలిందో నాకు తెలియలేదు.

నేను గెలవలేదు. మూడోదాన్ని. నాకొచ్చింది ముందు తొడ. మొదటి వాటా లియాండర్‌కే వెళ్ళింది, ఆ ఏడంతా దాని గురించి చెప్పుకుని మా ప్రాణం తీశాడు. పందెం అయిపోగానే ఇద్దరు మనుషులు తమ తుపాకులు పట్టుకుని మామయ్య దగ్గరికి వచ్చారు, గురి కాస్త చూడమని. ఆయన నన్ను చూపించాడు. వాళ్ళు ఒక్క క్షణం ఆగి, తుపాకులు నా చేతికిచ్చారు.

అన్నయ్య బండి దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. మామయ్య తడుముకుంటూ అతని దగ్గరికి వెళ్ళాడు.

"నీ బండిలో చోటుందా టాల్మడ్జ్? మాంసం ఇంటికి చేర్చాలి. మా ఇల్లు నీ దారిలోనే కదా."

ముగ్గురం నా పెట్టె, మాంసం, మూడు తుపాకులతో ఇంటికి వెళ్ళాం.  అన్నయ్య మాంసం దించి లోపల పెట్టాడు. తుపాకులు దించాడు. ఇంక పెట్టె ఒక్కటే మిగిలింది. దానిమీద చెయ్యి వేసి, నావైపు తిరిగాడు.

"నీకేం కావాలి ఓర్లీనా?"

నన్ను ఆ మాట అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. మామయ్య గుమ్మంలో ఆగిపోయాడు, వెనక్కి తిరగలేదు. 

"పెట్టె దించు అన్నయ్యా" అన్నాను.

"మరి మిల్లాయనకి ఏం చెప్పమంటావు?"

"తుపాకీ గురి తప్పితే పంపించమను."

అన్నయ్య నవ్వాపుకోలేకపోయాడు. పెట్టె దించి, నా నెత్తిమీద చెయ్యి వేసి, బండి ఎక్కాడు. మామయ్య లోపలికి వెళ్ళి పొయ్యిలో కట్టెలు ఎగదోశాడు, అవసరం లేకపోయినా. ఇంటికి వచ్చాక ఆయన నాతో అన్న మాట ఒక్కటే: "తొడ ఉప్పులో వెయ్యాలమ్మాయ్, ఆలస్యం చెయ్యకు."

మామయ్య ఇంకో ఆరు చలికాలాలు ఉన్నాడు. రెండోదానికే చూపు పూర్తిగా పోయింది. కర్రలు మాత్రం చివరి వారందాకా చెక్కాడు. చూపున్నవాళ్ళెవరూ అలా చెక్కలేదు.

ఆ పందెం తర్వాత వచ్చిన ఫిబ్రవరి సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. మోకాలిలోతు మంచులో కొండ అవతలినించి ఎవరో కొత్తమనిషి తుపాకీ భుజానేసుకుని వచ్చాడు. మామయ్య వరండాలో ఎండకి కూచుని గాజుపెంకుతో కర్ర నున్నచేస్తున్నాడు. నేను వంటింట్లో పిండి కలుపుతున్నాను, తలుపు ఓరగా ఉంది.

"స్టిడమ్ ఇల్లు ఇదేనా?"

"ఇదే."

"తుపాకులు చేసే స్టిడమ్ నువ్వేనా పెద్దాయనా?"

కర్రమీద గాజుపెంకు గీరుకుంటున్న చప్పుడు ఆగింది.

"కాదు బాబూ. ఆవిడ లోపలుంది" అన్నాడు మామయ్య. "నేను ఆవిడ దగ్గర కర్రలు చెక్కుతాను."

అతను వేళాకోళం అనుకుని నవ్వాడు. మా మామయ్య నవ్వలేదు. కాస్త జరిగి, దారి ఇచ్చాడు.